మైనస్ ఎనభై డిగ్రీల సాక్ష్యం

పై వాటాలో దిగిన కొత్త మనిషి రోజుకి మూడుసార్లు స్నానం చేస్తాడట, అయినా మెట్లంతా ఎలుకల కంపేనట, పెళ్ళాం అందుకే వదిలేసి ఉంటుందట. పక్కింటి పిన్నిగారి ఈ పరిశోధనంతా ఇంటాయన మోసుకొచ్చి మరీ చెప్పాడు. ఆ కొత్త మనిషి తొండే. వదిలేయడానికి పెళ్ళామంటూ ఉండాలి కదా! కంపు మాత్రం నిజం.

తొండ అన్నది గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన కోడ్ నేమ్. ఇరవై రోజులుగా వేషం, పరిశోధనా ల్యాబ్‌లో ఎలుకల బోనులు కడిగే పని. ఉచ్చలో నానిన రంపపు పొట్టు. కన్నపిల్లల్నే కొరికి తినే తల్లులు. గ్లవ్స్ దాటి గోళ్ళలోకి దిగే జిగట. తిండి ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు.

డిపార్ట్‌మెంటు పెద్దాయన బ్రీఫింగ్ మూడు ముక్కల్లో అయింది. "ల్యాబ్‌లో ఒక వయల్, చిన్న మందుసీసా. విదేశీ ముఠా కన్నేసింది. ఇంటిదొంగని పట్టు."

వయల్‌లో ఏముందో పక్కన బోనులు కడిగే ఆయా చెప్పింది.

"వైరస్, అన్నయ్యా. దాని రోగమంతా తీసేసి, కడుపులో మంచి జీన్ పెట్టారు. చెవిలోకి ఎక్కిస్తే లోపలి కణాలకి అప్పజెప్తుంది. చెవిటి ఎలుకలు మూత చప్పుడుకి ఉలిక్కిపడటం నేనే చూశా."

మైనస్ ఎనభైలో ఉంచాలి. కరిగి ఒక రోజు గడిస్తే వట్టి నీళ్ళే. ఉన్నది ఒక్కటే. సోమవారం అది ఎక్కేది ఆయా కూతురికి. ఆరేళ్ళ పిల్ల, పుట్టుచెవుడు.

"ఇంకోటి చెయ్యలేరా?"

"ఏడాదిన్నర పడుతుందట. అప్పటికి మా పిల్లకి మందు పట్టే వయసు దాటిపోతుంది."

శనివారం మధ్యాహ్నం తొండ చెవిలో, ముఠా ఫోన్లు పట్టే రిసీవర్ గురగురలాడింది. "పావురానికి గింజలు సిద్ధం." సరుకు సిద్ధమని ముఠాకి కోడు మాట. గొంతు ల్యాబ్ డాక్టరమ్మది! డిపార్ట్‌మెంటే ల్యాబ్‌లో నాటిన ఏజెంటు. సెంటు, ఎత్తుమడమల చెప్పులు, తీయటి నవ్వు. రెండువైపులా జీతం.

తొండ వెనక గేటుకి పరిగెత్తాడు. వయల్ ఉన్న, డ్రై ఐస్ పొగలు కక్కే పెట్టె అప్పటికే కొరియర్ వ్యాన్ ఎక్కేసింది. వ్యాన్ కదిలింది. చేతిలో పిస్తోలు లేదు, బోనులు కడిగిన బకెట్ ఉంది. కిటికీలోంచి డ్రైవరు మొహాన గుమ్మరించాడు. వ్యాన్ వెళ్ళి గోడని ముద్దుపెట్టుకుంది.

"ఛీ! ఆ చేతుల్తో నన్ను ముట్టుకోకు!" వ్యాన్‌లోంచి దూకి పారిపోబోతూ తొండకి దొరికిన డాక్టరమ్మ కెవ్వుమంది.

"బేడీలు పడ్డాక కడుక్కుంటాలెండి."

పెద్దాయన కెమెరాలతో దిగాడు.

"సార్, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి."

"ముందు పంచనామా."

పెట్టె ఒక సాక్ష్యమట, వయల్ ఇంకో సాక్ష్యమట. డ్రై ఐస్ కాలవలో పోశారు. వయల్‌ని కవరులో పెట్టి, లక్కతో సీలు కొట్టి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. తొండ అరిచాడు, పై అధికారులు ముగ్గురికి ఫోన్లు చేశాడు. ముగ్గురిదీ ఒకటే మాట, సోమవారం కోర్టు ఆర్డరు రాగానే. పెద్దాయన ముక్కు మూసుకుని, "నువ్వు ముందు స్నానం చెయ్యవయ్యా," అన్నాడు. ఎవరు కంపుకొడుతున్నారో తొండకి అప్పుడు బాగా తెలిసింది.

సోమవారం ఆయా పిల్లకి రెండు జడలేసి తీసుకొచ్చింది. సీలు విప్పారు. ల్యాబ్ డైరెక్టరు వయల్‌ని వెలుగులో ఒకసారి చూసి, చెత్తడబ్బాలో వేశాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏదేమైనా, దొంగల చేతికి పోనివ్వలేదమ్మా."

"పోనిచ్చినా బాగుండేది సార్. వాళ్ళు మంచులో పెట్టుకున్నారు. ఎక్కడో ఎవరి పిల్లకో వినబడేది."