ఆవగింజంత మెరుపు, ఆగేంత ఓపిక

సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారులో ఆ ఉదయం ఎవరూ వాక్యం పూర్తి చేయడం లేదు. చేయాల్సిన అవసరమూ లేదు. మనిషి మొదలుపెడితే చాలు, గణనబీజం ముగిస్తుంది. చెవిలో పూసగా ఉన్నా, ఇంట్లో పెట్టెగా ఉన్నా లోపలిది ఆవగింజంత స్ఫటికమే. అందులో ఊరు ఊరంతా ఆలోచించేంత ఆలోచన. వెలుతురులో తిప్పితే నీలి నిప్పుకణాలు నదిలా పారేవి. చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. తెరిచిన నోటికి మాటా అదే అందించేది.

భూపతి తన కూతురు మౌక్తిక పాఠాల కోసం బల్లకంప్యూటర్ కట్టించడానికి ఆమెనూ వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టె, పలక, పంకా కుదిరాయి. బీజం దగ్గరే బుర్ర బిగుసుకుంది: 'మెరుపు' కంపెనీదా, 'ఓపిక' కంపెనీదా?

"మెరుపే తీస్కోండి సార్," అన్నాడు దుకాణదారు ఐలయ్య. "మీరు 'అ' అంటె అది 'క్షరాలా' అంటది! ఓపికంటరా, మీ మాట అయ్యేదాంక ఆగుతది. అంత ఓపిక కొన్నోళ్ళకుండాలె!"

మౌక్తికకు తొమ్మిదేళ్ళు, నత్తి. మెరుపుంటే బిడ్డ ఇక మాట కోసం పెనుగులాడదని భూపతి ఆశ.

ఐలయ్య మెరుపు బిగించాడు. బజారు ఆచారం ప్రకారం పెట్టెకు కుంకుమబొట్టు పెట్టి, వాడబోయేవారితో తొలిపలుకు పలికిస్తారు. దానితోనే బీజం వారి గొంతుకు అలవాటు పడుతుంది.

"బడి ముచ్చట చెప్పు బిడ్డా," అన్నాడు భూపతి.

"బ... బడిల..."

"బడిల అంతా మంచిగుంది నాన్నా!" అచ్చం ఆమె గొంతుతోనే గలగలా ముగించింది మెరుపు.

భూపతి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా వినాలనుకున్న వాక్యం!

మౌక్తిక తల అడ్డంగా ఊపి రెండో బీజాన్ని చూపింది.

"నత్తికి నత్తనడక జోడీ!" గొణిగాడు ఐలయ్య. అయినా బిగించాడు.

ఓపిక వెలిగింది. ఊరుకుంది.

"బ... బడిల... నాతోని..."

దుకాణమంతా కదలక నిలబడింది. ఒక మాట కోసం ఇంతసేపు ఆగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

"...ఎ... ఎవరూ మాట్లాడరు. నేను షురూ చేస్తె వాళ్ళ మెరుపులు ఖతం చేస్తయి. వాళ్ళు పోతరు. ను... నువ్వు గూడ."

భూపతి చెవిపూస తక్షణం జవాబందించింది: 'అంతా మంచిగైతది తల్లీ.' అతను దాన్ని పీకి బల్లమీద పెట్టాడు. నోరు తెరిచాడు.

"నేను..." అని ఆగాడు. మళ్ళీ, "నేను..."

మౌక్తిక ముక్కాలిపీట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"చె... చెప్పు నాన్నా," అంది. "ఆగుతా."