చెరువు లేని మ్యాప్

"ఇదే ఆఖరి మిషన్ అని కిందటిసారీ అన్నారు," అన్నాడు ఏజెంట్ తాబేలు.

"అబద్ధమాడాను. కూర్చో." చీఫ్ కుర్చీ ముందుకు జరిపాడు. తాబేలు మోకాలి నొప్పిని ఆయన మరిచిపోలేదు. "ఇరవై ఏళ్లలో నగరం ఎటు పెరుగుతుందో చెప్పే కంప్యూటర్ మోడల్ ఉంది. అది నేర్చుకునేది పాత శాటిలైట్ మ్యాపుల నుంచే. విదేశీ ముఠా ఆ మ్యాపుల్లో పెద్ద చెరువును చెరిపేసి, ఖాళీ స్థలమని పెట్టింది. ఎప్పుడో ఎండిపోయిందని పుకారూ లేపింది. ఇప్పుడు మోడల్ అక్కడ టవర్లు లేస్తాయంటోంది. ఆ టవర్లకు అనుమతి మీద పదకొండింటికి కౌన్సిల్ ఓటు. చెరువు పూడ్చారో, తొలి వానకే దిగువ వాడ మునుగుతుంది. రుజువు కావాలి."

"మా అక్క ఉండేది ఆ వాడలోనే."

"తెలుసు. అందుకే నిన్నే పిలిచాను."

సర్వేయర్ వేషంలో తాబేలు ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లాడు. మోడల్ తయారుచేసిన ఇంజనీరమ్మ కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి.

"ఫీల్డ్ చెక్ చేయించారామ్మా?"

"చేయించకుండా ఉంటామా?"

"చెరువు దగ్గర?"

"అక్కడెవరో ప్రహరీ కట్టారండీ. మావాళ్లు రోడ్డు మీంచే చూసి, మ్యాపులో ఉన్నట్టే రాసుకొచ్చారు." చెబుతూనే ఆమె గొంతు సన్నబడింది.

"గోడలు దూకే జీతం వాళ్లకెవరిస్తున్నారులే," అన్నాడు తాబేలు. ఆమె మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది.

గోడ ఎక్కేసరికి మోకాలు చుక్కలు చూపించింది. అటు దూకితే తొడలదాకా నీళ్లు. షర్టు బొత్తంలోని కెమెరా నొక్కాడు. సిగ్నల్ లేదు. ముఠా జామర్ పెట్టింది.

"చేతులెత్తండి!"

గట్టు మీద ఒకామె, ముఠా కన్సల్టెంట్. సిల్కు కోటు, నల్లకళ్లద్దాలు, పిస్టల్, బురదలో దిగబడిన హైహీల్స్.

"నీడ ఎటు పడింది?" అందామె.

కోడ్‌వర్డ్! "ఎండ అలిసిన వైపు," అన్నాడు తాబేలు ఊపిరి పీల్చుకుని. "మన మనిషివా?"

"రెండేళ్లుగా వీళ్లలో ఉండి చస్తున్నాను. ఇంత ఆలస్యమా బాబాయ్?" పిస్టల్ పక్కకి తిప్పి, గోడ మీది జామర్‌ను కాల్చేసింది. తరవాత చెయ్యందించింది.

కౌన్సిల్ హాల్లో సభ్యులు చేతులెత్తుతున్నారు. అంతలో తాబేలు కెమెరా పంపిన దృశ్యంతో తెర వెలిగింది. మోడల్ ఖాళీ స్థలమన్న చోటే తెరనిండా నీళ్లు. తీరిగ్గా ఈదుతూ ఒక బాతు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఓటు చూడ్డానికొచ్చిన ముఠా హాలు గేటు దగ్గరే దొరికిపోయింది.

మర్నాడు ఇంజనీరమ్మ సరిచేసిన మ్యాపులతో మోడల్‌ను మళ్లీ నడిపింది. చెరువు చెరువుగానే ఉంది. టవర్లు మాత్రం సరిగ్గా చీఫ్ ఆఫీసు మీద లేచాయి. రహస్య కార్యాలయం కదా, మ్యాపులో అదెప్పుడూ ఖాళీ స్థలమే.

చీఫ్ తల పట్టుకున్నాడు.

"మా అక్క ఇంట్లో ఒక గది అద్దెకుంది సార్," అన్నాడు తాబేలు.