టీ వేళ ఆరని చుక్క

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. మబ్బు తునక లేదు. కారు అద్దంలోంచి దాన్నే చూస్తూ చీఫ్ అన్నాడు:

"పైన కొత్త దీపం వెలిగింది, తూనీగా. కంటికి కనపడదు. ఎక్స్-రే. నిన్న మన టెలిస్కోప్ శాటిలైట్ పట్టింది."

ఏజెంట్ తూనీగ కూడా మెడ సాచి పైకి చూశాడు. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నా, చీఫ్ గొంతు తగ్గిస్తే చాలు, అతనికి పారిపోవాలనిపిస్తుంది.

"చుక్కేమో సార్?"

"కావచ్చు. కొన్ని చుక్కలు ఉన్నట్టుండి భగ్గుమని, నాలుగు రోజుల్లో ఆరిపోతాయట. కానీ సరిగ్గా అటువైపే, చాలా ఎత్తులో, పొరుగు దేశం శాటిలైట్ ఉంది. ఆ ఎక్స్-రే అందులో పెట్టిన అణుబాంబుదేనని రిపోర్ట్. పన్నెండింటికి దాన్ని కూల్చెయ్యమని ఆర్డర్. కూల్చామా, సాయంత్రానికల్లా యుద్ధమే. చుక్కో, బాంబో ఈలోగా తేల్చు."

"రిపోర్ట్ రాసిందెవరు?"

చీఫ్ అతనికేసి చూడలేదు. "మీ బావ."

తూనీగ చెయ్యి కారు తలుపు మీదికి పోయింది.

"మనకీ పొరుగువాళ్ళకీ చిచ్చు పెట్టాలని మూడో దేశం ముఠా ఒకటి కాచుక్కూర్చుంది. లోపల వాళ్ళ మనిషున్నాడు. అది మీ బావే అయితే..." చీఫ్ మిగతాది మింగేశాడు. "మీ బావ పనిచేసే టెలిస్కోప్ కంట్రోల్ రూమ్‌లో మేడమ్ అని ఒకామె ఉంటుంది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. సాయం చేస్తుంది."

తూనీగ వేషం ఎప్పుడూ ఒకటే, ఏసీ మెకానిక్. అక్కకీ బావకీ కూడా అతను మెకానిక్కే. చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో మైకుంది. అందులో అన్నది నేరుగా చీఫ్ చెవిలో పడుతుంది. చీఫ్ మాట మాత్రం ఇటు వినపడదు.

కంట్రోల్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే సెంటు ఘాటు గుప్పుమంది. బావ కుర్చీ వెనకే మేడమ్ నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు.

"ఏరా బావమరిదీ! మా ఏసీకి మూడినట్టే, నిన్ను పంపారంటే," అన్నాడు బావ నవ్వుతూ. ఆ నవ్వు ఏడుపులా ఉంది.

"ఏసీ కాసేపు ఆపాలి బావా," అన్నాడు తూనీగ, ఏసీ కింద నిచ్చెన వేసి ఎక్కుతూ.

"ఆగు. ఇప్పుడే భూమి అడ్డొస్తుంది. మేం టీకి పోతాం."

"భూమి అడ్డు రావడమేంటి?"

"టెలిస్కోప్ భూమి చుట్టూ తిరుగుతోంది కదరా. ప్రతి చుట్టులోనూ కాసేపు భూమి అడ్డం పడుతుంది. పైనున్నవన్నీ ఆరిపోతాయి. అప్పుడు స్క్రీన్ ఎవరూ చూడరు." ఆ చివరి మాట ఒత్తి పలికాడు. "నువ్వు నిచ్చెన దిగకు. టీ నేనే తెస్తా."

అందరూ బిలబిలా బయటికి నడిచారు. తూనీగ నిచ్చెన మీంచి చూస్తున్నాడు. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒక్కటి మాత్రం ఆరలేదు. ఇంత భూమి అడ్డంగా ఉంటే, ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

తూనీగ ఏసీ మూత విప్పి చంకన పెట్టుకున్నాడు. లోపల అగ్గిపెట్టెంత డబ్బా ఉంది. దాని వైరు తిన్నగా బావ బల్లకింద, తెరకి బొమ్మలు పంపే కంప్యూటర్‌లోకి పోయింది.

నోరు తెరిస్తే అక్క కాపురం కూలుతుంది. తెరవకపోతే ఊళ్ళకి ఊళ్ళే కాలిపోతాయి. గోడ గడియారంలో ముళ్ళు రెండూ దాదాపు కలుస్తున్నాయి.

"సార్," అన్నాడు పిడిలోకి. "పైనున్నది చుక్కైనా ఆరాలి, బాంబైనా ఆరాలి. ఇది ఆరలేదు. ఇది ఆకాశంలో లేదు సార్. ఈ గదిలో ఉంది."

"మెకానిక్‌కి చాలా తెలుసే!"

గుమ్మంలో మేడమ్. ఆమె వేళ్ళ మధ్య లిప్‌స్టిక్, దాని కొసన సన్నటి తూటా గొట్టం. వెనక బావ. అతని చేతుల్లో రెండు టీ కప్పులు.

"ఆ స్క్రూడ్రైవర్ పడెయ్," అంటూ ఆమె నిచ్చెన కిందికొచ్చి నిలబడింది. "మీ అక్క ఇంటిముందు మావాళ్ళిద్దరున్నారు. ఒక్క ఫోన్ చాలు. ఆ బెదిరింపుతోనే మీ బావచేత డబ్బా పెట్టించాను."

తూనీగ స్క్రూడ్రైవర్ పడెయ్యాలనే అనుకున్నాడు. కంగారులో చంకలోంచి జారింది మాత్రం ఏసీ మూత. తిన్నగా మేడమ్ నెత్తిన పడింది. ఆమె స్పృహతప్పి కూలుతుంటే తూటా పేలి తెరకి తగిలింది. ఆరని చుక్క ఆరిపోయింది.

బల్లమీద ఫోన్ మోగింది. తూనీగ నిచ్చెన దిగి ఎత్తాడు.

"ఆర్డర్ ఆగింది," అంది చీఫ్ గొంతు. "కూల్చేవాడు బటన్ మీద వేలు పెట్టి ఉన్నాడట."

"సార్, అక్క..."

"బావ మీద అనుమానంతో పొద్దున్నే మీ అక్క ఇంటిచుట్టూ మనవాళ్ళని పెట్టా. ఆ ఇద్దరూ దొరికారు."

తూనీగ నిచ్చెన కింది మెట్టుమీద కూర్చున్నాడు. "భూమి అడ్డొచ్చినప్పుడు ఆ డబ్బా ఆగేలా చెయ్యలేదేం బావా? నీకు తెలీనిదా?"

"కావాలనే చెయ్యలేదురా. ఎవడో ఒకడు చూసి పట్టుకుంటాడనుకున్నా." బావ టీ కప్పులు బల్లమీద పెట్టాడు. "నిన్నట్నుంచీ ఎన్ని చుట్లు తిరిగిందో. ఒక్కడూ చూడలేదు. అందరూ టీకే పోయారు."

బావని విచారణకి తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఒక్క పూట భోజనానికి చీఫ్ ఒప్పుకున్నాడు, తనూ వస్తానన్న షరతు మీద. చీఫ్‌ని ఏసీ కంపెనీ ఓనరని అక్కతో చెప్పారు. ఆమె నాలుగు కంచాలు పెట్టి, ముగ్గురి మొహాలూ చూసి, తనూ కూర్చుంది. బావ ముద్ద కలిపి చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి తిన్నాడు. బయట వ్యాన్ ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది.

కంపెనీ ఓనరు మారు వడ్డించుకున్నాడు.