మెరిసే సీసాలు

"సీసాలు మీరు కడుగుతారా, కడిగినట్టు నటిస్తారా?"

మైక్రోస్కోప్ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజే వేసిన ప్రశ్న ఇది. లేబ్ టెక్నీషియన్‌కి ఒళ్ళు మండింది. ఆమె పడవలో మడ అడవి పాయలోకి వెళ్ళి నీళ్ళు పట్టుకొస్తుంది, అందులో కంటికి ఆనని నాచు కణాలు లెక్కపెడుతుంది. ఆ నీళ్ళలో నాచుకి తిండి, అంటే ఫాస్ఫేట్ లాంటివి, ఎంత ఉందో తేల్చడం ఇతని పని. పలచటి యాసిడ్‌తో కడగడమే రూలనీ, పాత ప్లాస్టిక్ అంతకంటే మెరవదనీ తెగేసి చెప్పాడు. ఆమె సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, కనుబొమ్మ ఎగరేసి వెళ్ళిపోయింది.

ఆ కనుబొమ్మే కొంప ముంచింది. ప్రేమ మనిషికి తెలివి పెంచుతుందనే వాళ్ళని నమ్మకూడదు. ఉన్నది కాస్తా ఊడ్చుకుపోతుంది.

వానల్లో పాయకి తిండి పుష్కలం, వెలుతురు కరువు. బురదనీళ్ళలో నాచు పెరగదు. వానలు వెలిశాక నీళ్ళు తేటపడతాయి, నాచు విజృంభించి ఆ తిండంతా తినేస్తుంది. ఏటా జరిగేది ఇదే. ఈసారి మాత్రం నాచూ పెరిగింది, ఫాస్ఫేటూ పెరిగింది.

ఆమె సంబరానికి హద్దు లేదు. ఎగువన ఎవరో దొంగతనంగా ఏదో కలుపుతున్నారని, దాన్ని తనే కనిపెట్టానని, మధ్యాహ్నం మీటింగులో డైరెక్టర్ ముందే చెప్పేస్తానని అతని బల్ల దగ్గరకొచ్చి మరీ చెప్పింది.

"మీ లెక్కలే నా ధైర్యం," అంది వెళ్తూ.

ఆ మాటకి అతను గాల్లో తేలాడు. తేలుతూనే, మరింత గట్టి రుజువు ఇద్దామని, కడిగిపెట్టిన ఖాళీ సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి మందు కలిపాడు. ఫాస్ఫేట్ ఉంటేనే రంగు రావాలి. ఏమీ లేని నీళ్ళు నీలంగా మారాయి.

అప్పుడు వెలిగింది అతనికి. వానలు వెలిసినప్పటి నుంచీ, ఆమె కోసం, సీసాలన్నీ సబ్బుపొడి వేసి తళతళా తోముతున్నాడు. ఆ పొడిలో ఫాస్ఫేట్ ఉంది. నోరు మూసుకుంటే ఇవాళ్టికి ఎవరికీ తెలియదు. చెబితే ఆమె ఇక మొహం చూడదు. చెప్పకపోతే రేపెవరో పరీక్ష చేసి, నలుగురిలో ఆమెని నవ్వులపాలు చేస్తారు.

మీటింగు గది గుమ్మంలో ఆమెని పట్టుకున్నాడు.

"ఆ ఫాస్ఫేట్ పాయది కాదు. నాది. సీసాలు సబ్బుతో కడిగాను."

"రూలు తెలియకా?"

"తెలిసే. మీరు ఇంకోసారి కనుబొమ్మ ఎగరేయకూడదని."

"అందుకని నా సీజన్ తగలేశారా?"

"మిమ్మల్ని ప్రేమిస్తున్నానని చెప్పడం చేతకాక."

"చెప్పడానికి మంచి రోజే చూసుకున్నారు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఫాస్ఫేట్ లెక్కలు నమ్మదగ్గవి కావని మాత్రం అందరి ముందూ ఒప్పుకుంది. అతని ఊసెత్తలేదు. డైరెక్టర్ ఆమె మీద విరుచుకుపడుతుంటే, వెనకనుంచి ఇతనే లేచి తప్పు తనదన్నాడు. ఉద్యోగం ఊడలేదు గానీ, ఒంటి మీద తోలు మిగల్లేదు.

సీజన్ ఇంకా పూర్తిగా దాటిపోలేదు. మర్నాడు పొద్దున్నే యాసిడ్‌తో కడిగిన సీసాలు మోసుకుని అతనూ పడవెక్కాడు. పడవ నడిపేది ఆమె బాబాయి. ఆమె ముందు కూర్చుంది, అతను వెనక. ఇద్దరూ చెరో గట్టు చూస్తున్నారు. కాలం కాని చినుకులు మొదలయ్యాయి. పాయ మధ్యలో బాబాయి ఇంజను ఆపేశాడు.

"పోటు ఉండగానే నీళ్ళు పట్టాలమ్మా. మీ అలకలు తీరేదాకా అది ఆగదు."

ఆమె తిరక్కుండానే చెయ్యి చాపింది. అతను సీసా అందించాడు.

"నిన్న మీరు లేవాల్సిన పనిలేదు," అంది.

"మీరొక్కరే తిట్లు తింటుంటే చూడలేకపోయాను."

"నా డిస్కవరీ పోయింది, తెలుసా?"

"తెలుసు. ఇంకోటి వెతుకుదాం."

"ఇద్దరమా?"

"అందుకేగా పడవెక్కింది."

ఆమె సీసా నింపి మూత బిగించింది. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ వల్ల కాలేదు.

"ఆదివారం ఇంటికి రా. నాన్నతో నువ్వే మాట్లాడాలి."

అతను తలూపేలోపే బాబాయే అందుకున్నాడు.

"అన్నయ్య చెవిన ముందు నేనో మాట వేస్తాలే. కుర్రాడికి బుర్ర తక్కువే గానీ, తప్పు దాచడం చేతకాదని చెప్తా. మా వదిన ఆ ఒక్క మాటకే ఒప్పుకుంటుంది."