కారప్పొడి కాపురం ఆగదు

"ఎన్ని పట్టలు కావాలి?"

"ఎన్నుంటే అన్నీ ఇచ్చెయ్యండి. ఆకాశం చూశారా అసలు?"

తేజస్వి చూసింది. కారంపూడి వైపు నల్లగా కమ్ముకొస్తోంది. మార్చి నెలలో వానేమిటో, కల్లాల్లో మిర్చి ఆరబోసుకున్న రైతుల ఉసురు పోసుకోవడానికి కాకపోతే! ఎదురుగా ట్రాక్టర్ దిగిన కుర్రాడు ఒంటికాలి మీద నిలబడ్డట్టు తొందరపడుతున్నాడు.

"అడ్వాన్స్ కట్టండి."

"నేను వెంకట సాయినండీ. బాబూరావు గారబ్బాయిని. మాజీ సర్పంచ్."

"అయితే? సర్పంచ్ గారి మిర్చి తడవదా? అడ్వాన్స్."

అతను బిత్తరపోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వు బాగుంది. తేజస్వికి ఒళ్ళు మండింది అందుకే.

గురజాలలో ఆమెను 'పట్టలమ్మాయి' అంటారు. ఆ పట్టలు ఊరికే రాలేదు. బీటెక్ అయ్యాక అందరూ హైదరాబాద్ బస్సెక్కుతుంటే ఈమె మాత్రం ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో కథల యాప్‌కి 'కారప్పొడి కాపురం' అని ఒక సీరియల్ మొదలుపెట్టింది. జనం ఎగబడి చదివారు. ఎవరు ఎప్పుడు ఎపిసోడ్ తెరిచినా ఆమె ఖాతాలో ఎంతో కొంత పడుతుంది. ఆ డబ్బుతో టార్పాలిన్ పట్టలు కొని, మిర్చి రైతులకు అద్దెకు తిప్పుతోంది. అద్దె వస్తే మ్యూచువల్ ఫండ్‌లో వేస్తోంది. ఆమె అన్నం తింటున్నా, సినిమా చూస్తున్నా డబ్బు దాని పని అది చేసుకుపోతుంది.

ఇది వాళ్ళ నాన్న గోపాలకృష్ణయ్యకు మింగుడుపడలేదు.

"ఒళ్ళు వంచకుండా వచ్చేది కూడా సంపాదనేనటే?" అన్నాడొకసారి.

"మరి మీరు మిర్చి టిక్కీ బస్తాలు గుంటూరు ఏసీలో పెట్టి, రేటు పెరిగిద్దని అరుగు మీద కూర్చుంటారుగా. అప్పుడు ఒళ్ళు ఎటు వంగిద్ది నాన్నా?"

ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. పల్నాడులో ఆ మాట తెలియని రైతు లేడు, అందులో సరుకు పెట్టి చేతులు కాల్చుకోని రైతూ లేడు. గోపాలకృష్ణయ్య కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సరే, వెంకట సాయి అడ్వాన్స్ కట్టి పట్టలు తీసుకెళ్ళాడు. వాన వచ్చింది, పోయింది. బాబూరావు గారి మిర్చి ఒక్క కాయ కూడా తడవలేదు. మర్నాడు వెంకట సాయి పట్టలు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఒక్కటే తెచ్చాడు.

"మిగతావి?"

"రేపు తెస్తానండీ."

రేపూ ఒక్కటే. ఎల్లుండీ ఒక్కటే. పట్టను బైక్ వెనకాల పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టుకున్నంత జాగ్రత్తగా తేవడం, షెడ్డులో పెట్టడం, మంచినీళ్ళు అడిగి, తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడటం.

"రోజుకొకటి తెస్తే మిగతావాటికి అద్దె ఎక్కుద్ది. తెలుసా?"

"ఎక్కనీయండి. మీరు కూర్చున్న చోటుకే ఆదాయం రావాలన్నది మీ పద్ధతేగా. నేను దానికి సాయం పడతన్నా."

తేజస్వి మొహం తిప్పేసుకుంది, నవ్వు కనబడకుండా. లాభం లేకపోయింది, చెవుల దాకా ఎర్రబడింది.

ఆఖరి పట్ట తెచ్చిన రోజు అతను గ్లాసు కింద పెట్టాడు. "మా పెద్దవాళ్ళని పంపమంటారా?"

"పంపండి. కానీ అద్దెలో తగ్గింపు ఉండదు."

పెద్దవాళ్ళు వచ్చారు. బాబూరావు మీసం దువ్వుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి బాగుంది, కుటుంబం తెలిసిందే, పొలాలు కూడా పక్కపక్కనే. అంతా అయిపోయిందనుకున్నారు. అప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అంతా బానే ఉందండీ. ఒక్కటే. అమ్మాయి ఆ సీరియల్ ఆపెయ్యాలి."

ఎందుకని అడిగాడు గోపాలకృష్ణయ్య.

"అందులో సీతాపతి అని ఒకడున్నాడంట. ఇంత మీసం. మిర్చి ఏసీలో పెట్టి, రేటు పెరిగితే ఇంకా పెరిగిద్దని ఉంచి, పడిపోయాక పెళ్ళాన్ని తిడతాడంట. నేను టీ కొట్టుకి పోతే 'సీతాపతి గారొచ్చారు' అని కిసుక్కుమంటన్నారు. నన్నే రాసింది! నన్ను నవ్వులపాలు చేసే కథ నా కోడలు రాసిద్దా? అది తీసేస్తే ముహూర్తం పెట్టుకుందాం. లేదంటే మా దారి మాది."

తేజస్వి వెంకట సాయి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. మాట్లాడడేం ఈ మనిషి! ఇన్నాళ్ళూ షెడ్డులో గలగలా వాగిన నోరు ఏమైంది? అతనంటే ఇష్టం, చాలా ఇష్టం. ఒక్క 'సరే' అంటే అతను తనవాడవుతాడు. ఆ 'సరే' నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి ఆపితే మళ్ళీ ఎప్పటికీ రాయలేనని ఆమెకు తెలుసు.

"ఆపనండీ," అంది.

"ఏందీ?"

"ఆపను. ఇయ్యాల కథ మానమంటారు, రేపు పట్టలు మానమంటారు, ఎల్లుండి అసలు నోరే ఎత్తొద్దంటారు. ఆ కారప్పొడి కాపురం నేను పెట్టుకున్న సంసారం. మీ అబ్బాయి కోసం చానా చేస్తా, అది మాత్రం చెయ్యను. ఇంకో మాట. ఆ సీతాపతి మీరు కాదు. ఈ ఊళ్ళో ఏసీలో సరుకు పెట్టిన ప్రతివాళ్ళూ తామేనని నా మీదికి వచ్చారు. ఆ సీతాపతి మా నాన్న."

గోపాలకృష్ణయ్య తాగుతున్న కాఫీ దించాడు. "నేనా?"

నాయనమ్మ వీరరాఘవమ్మ మంచం మీద నుంచి నవ్వింది. "నువ్వేరా. మనవరాలు చదివి వినిపిస్తే నాకు ఎప్పుడో తెలిసింది. పెళ్ళాన్ని తిట్టేసి దొడ్లోకి పోయి బాధపడేది ఈ ఇంట్లో ఇంకెవరు?"

అందరూ గోపాలకృష్ణయ్య మొహం చూస్తున్నారు. ఆయనకు కోపం వస్తుందని తేజస్వి అనుకుంది. ఆయన కళ్ళు తడయ్యాయి.

"బాధపడినట్టు కూడా రాశావటే?"

"రాశా నాన్నా."

ఆయన కాఫీ కింద పెట్టి బాబూరావు వైపు తిరిగాడు. "చూడండి బాబూరావు గారూ. రాసింది నన్ను. నాకు లేని నొప్పి మీకేంది? మా అమ్మాయి రాత ఆగదు. సంబంధం ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే కాఫీ తాగి వెళ్ళండి."

బాబూరావు లేచాడు. "పదరా సాయీ."

వెంకట సాయి లేవలేదు.

"నేను రాను నాన్నా. ఆమె ఆపినా నేను ఒప్పుకోను. చేసుకుంటే తేజస్వినే చేసుకుంటా, ఆ కథతో సహా."

"ఇంతసేపు ఏం చేశారు మరి?" అని అడిగింది తేజస్వి.

"మా నాన్నకి ఎదురు చెప్పడం నాకు ఇదే మొదలండీ. గొంతు ఆరిపోయింది. మీకైతే అలవాటే."

తేజస్వికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వీరరాఘవమ్మ మాత్రం హాయిగా నవ్వింది.

బాబూరావు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. కొడుకు వచ్చేలా లేడు. బయట కారు దగ్గర డ్రైవర్ చూస్తున్నాడు. ఆయన వెనక్కి వచ్చి, మీసం సర్దుకుని మెల్లగా కూర్చున్నాడు.

"అంటే... అసలు నేను అందులో లేనే లేనా?"

"లేరండీ."

"ఒక్క ముక్క కూడానా?" ఆ గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం ఉంది. "అయితే అమ్మాయీ, ముహూర్తం పెట్టుకుందాం. కానీ సర్పంచ్ పాత్ర ఒకటి పెట్టు. మంచివాడు, నలుగురికీ పెట్టే మనిషి..."

"పెట్టనండీ."

"మామగారిని కాబోతన్నా!"

"అవ్వండి మామయ్యా, కాళ్ళకి దండం పెడతా. కానీ ఎవరు చెప్పినా తియ్యను, ఎవరు చెప్పినా పెట్టను."

బాబూరావు నోరు తెరిచి కొడుకు వైపు చూశాడు. కొడుకు ఆమె వైపు చూస్తున్నాడు, ఇంక ఎటూ చూసే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"పంచాంగం తెప్పించండి బావగారూ," అన్నాడు బాబూరావు.