కొలిమి గుంటలో పిలుపు

మా దారం గదిలోకి వచ్చిన కొత్తవాళ్లకి ముందు నవ్వొస్తుంది. అందరం నోళ్లు కట్టేసుకుని మూగసైగలు చేసుకుంటుంటాం మరి. కరిగించిన పాలిమర్‌ని సన్నటి రంధ్రాల్లోంచి లాగితే వెంట్రుక కన్నా సన్నని పోగులొస్తాయి. గట్టిగా ఊపిరి వదిలితే చాలు, పుటుక్కుమంటాయి. వాటిని ఓవెన్‌లో గట్టిపరిచి, కొలిమిలో కాలిస్తే నిప్పుకి కూడా లొంగని సిలికాన్ కార్బైడ్ పోగులవుతాయి. నాలాంటి వాగుడుకాయకి ఈ ఉద్యోగమిచ్చిన మహానుభావుడెవరో గానీ, ఆయన బుర్రకి ఓ దండం.

కొలిమి పని మా తమ్ముడిది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచాను. వాడు తప్ప నాకెవరూ లేరు.

ఆ మధ్యాహ్నం వాణ్ణి భోజనానికి పిలవబోతే కొలిమి దగ్గర మనిషి లేడు. కొలిమి కింద, పైపులుండే గుంట తలుపు తెరిచి ఉంది. కాలేటప్పుడు పోగులకి గాలి తగలకుండా కొలిమిలో ఆర్గాన్ అనే వాయువు నింపుతాం. దానికి రంగూ వాసనా ఉండవు. గాలి కన్నా బరువు కాబట్టి, లీకైతే మామూలు గాలిని తోసేసి గుంటలోనే నిలుస్తుంది. గాలి సిలిండరు, మాస్కు లేకుండా అందులోకి ఎవరూ దిగరు.

మెట్ల కింద వాడి బూట్లు కనిపించాయి. కదలట్లేదు...

"ఒరేయ్!"

"అక్కా... ఊపిరాడట్లేదు... తొందరగా రావే..."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఒక మెట్టు దిగేశాను. అప్పుడు బుర్రలో వెలిగింది. ఆర్గాన్‌లో ఊపిరాడట్లేదని తెలియనే తెలియదు. ఉక్కిరిబిక్కిరి ఉండదు. నిద్రొచ్చినట్టు కూలిపోతారు, అంతే.

మరి... మాట్లాడుతున్నదెవరు?

వెనక్కి పరిగెత్తి అలారం నొక్కాను. సిలిండరు తగిలించుకుంటుంటే బెల్టు ఓ పట్టాన బిగుసుకోలేదు. గట్టిగా ఏడ్చేశాను.

"మాస్కెందుకే... ఈలోపు నేను పోతానే..."

"వస్తున్నా నాన్నా... ఉండరా..."

దిగాను. బోర్లా పడున్నాడు. తిప్పి చూస్తే పెదాలు నీలం. నోరు మూసే ఉంది. చంకల కింద చేతులేసి ఈడ్చాను.

"అక్కా... వాడు కాదే..." వెనక చీకట్లోంచి తమ్ముడి గొంతే. "నేనిక్కడున్నా... నన్నొదిలేసి ఎవణ్ణి తీసుకెళ్తున్నావ్?"

తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. పైనుంచి ఎవరెవరివో చేతులు అందాయి. వాణ్ణి లాగేశారు.

ఆసుపత్రిలో సాయంత్రానికి కళ్లు తెరిచాడు. వాడి చెయ్యి పట్టుకుని భోరుమన్నాను.

"అక్కని బయటికి తీశారా?" గుసగుసగా అడిగాడు.

"నేనేరా, ఇక్కడే ఉన్నా."

"గుంటలోంచి పిలిచింది. ఊపిరాడట్లేదంది. అందుకే మాస్కు లేకుండా దిగా..."

"నేను పిలవలేదురా! అప్పుడు దారం గదిలోనే ఉన్నా."

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. మెల్లగా చెయ్యి లాక్కున్నాడు. గుమ్మం దగ్గరున్న నర్సుని పిలిచాడు.

"సిస్టర్... మా అక్క ఇంకా లోపలే ఉంది. ఎవరో ఒకరు దిగండి... ఈవిడెవరో నన్ను వెళ్లనివ్వట్లేదు."