పేరు చెప్పి ఇచ్చే బియ్యం

పోయినవాళ్లకు బియ్యమిచ్చే పెత్తరమాస పొద్దున శంషాబాద్‌లోని ఇంటి వాకిట్లో శిరీష చాటలో బియ్యం పోసింది. పక్కన కందిపప్పు, చింతపండు, రెండు బీరకాయలు, తోటకూర కట్ట సర్దింది. పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే అయ్యగారు మంత్రం చదివి ఆ బియ్యం అందుకుంటారు. పేరు చెప్పకుండా ఇస్తే ఎవరికీ ముట్టవని అత్త అనంతమ్మే ఆమెకు నేర్పింది. ఈసారి ఆ పేర్లలో అనంతమ్మ పేరూ చేరింది.

చేరింది గాని, కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసే ఆడబిడ్డ మంజులకు ఆ సంగతి తెలియదు. తల్లి పోయి నాలుగు నెలలైంది. పని ఒప్పందం గడువు తీరేదాకా అక్కడివాళ్లు పంపరు, తెలిస్తే ఒంటరిగా కుమిలిపోతుందని తమ్ముడు పాండు దాచాడు. ఫోన్ వచ్చినప్పుడల్లా మాట్లాడితే బయటపడిపోతానని భార్య చేతికిచ్చేవాడు. నోట్లో నువ్వుగింజ నానని శిరీషకే ఆ పని పడింది, పాపం. అత్త పడుకుందని ఒకసారి, షాద్‌నగర్ పోయిందని ఒకసారి చెప్పింది. చెప్పిన రోజు ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఫోన్ మోగింది.

"శిరీషా, బియ్యం ఇచ్చిన్రా?" మంజుల అడిగింది. "అయ్యగారు పేర్లు చదివేటప్పుడు ఫోన్ జర దగ్గర పెట్టు. బాపు పేరు వింట. నాలుగేండ్లాయె వినక."

శిరీష ఫోన్‌ను కొంగులో అదిమి పట్టుకొని అయ్యగారి ఎదుట కూర్చున్న పాండు దగ్గరికి పోయింది.

"వదిన వింటదంట. ఏం జేద్దాం?"

"బాపు పేరొక్కటే చెప్తం. అమ్మది తర్వాత చూద్దాం."

"తర్వాత ఎప్పుడు? అత్తకిది మొదటి పెత్తరమాస. ఆమెను బయట నిలబెట్టి మామకొక్కనికే పెడ్తవా?"

"గట్లనకు. అక్క ఆడ ఏడిస్తే పట్టుకునేటోళ్లు ఎవరున్నరు?"

"కన్నతల్లి కోసం ఏడ్వనియ్యకుండ మనమెవరం? చచ్చినామెను నాలుగు నెల్లసంది నిద్రపుచ్చుతున్న. ఇగ నాతోని గాదు."

ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ హోరు తగ్గేదాకా పాండు చాట వంక చూస్తూ కూర్చున్నాడు. అయ్యగారు దర్భ పట్టుకొని ఎదురుచూస్తున్నారు. చివరికి పాండు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. తల్లి పోయాక అక్కతో అతను మాట్లాడడం అదే మొదలు.

"అక్కా, ఈసారి రెండు పేర్లున్నయి."

పాండు చాటలోంచి గుప్పెడు బియ్యం తీసుకున్నాడు.

"బాపు పేరు రామచంద్రయ్య. అమ్మ పేరు..." అక్కడే ఆగిపోయాడు.

మంజుల పలికింది. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు.

"శిరీషనేమనకు తమ్మీ. అబద్ధం చెప్పినప్పుడల్లా దాని గొంతు వణికేది. అమ్మ నాతోని మాట్లాడకుండ ఇన్ని దినాలు ఉంటదా? పొద్దుగాల్నే రెండు పళ్లాలల్ల బియ్యం పెట్టుకొని కూసున్న. బాపు పేరు చెప్పి ఒకటి పక్కకు పెట్టిన. రెండోదానికి పేరు చెప్పలే. మీరు చెప్పకముందే నేను జెప్తే, నేనే అమ్మను సంపినట్టు గాదా?"

పాండు ఏడ్చాడు. అక్కడ మంజుల కూడా ఏడ్చింది, నాలుగు నెలలుగా ఆపుకున్నదంతా. శిరీష వంగి భర్త భుజం పట్టుకుంది. మంజుల భుజం పట్టుకునేవాళ్లు మాత్రం అక్కడ లేరు.

"పేరు చెప్పు నాయనా," అన్నారు అయ్యగారు మెల్లగా.

"అనంతమ్మ," అన్నాడు పాండు.

ఫోన్‌లో మంజుల కూడా ఆ పేరే చెప్పింది.